ఉల్లేఖనల తూకంలో వైను బప్పు

ఖరగ్‌పూర్ స్టేషన్ పేరు చెప్పగానే ఎవరికైనా దాని ప్లాట్‌ఫారం పొడవు గుర్తుకొస్తుంది. 1,072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారానికి చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న పేరుండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటిపోయాయి. అంతమాత్రాన ఆ జంక్షన్ ప్రాముఖ్యం తగ్గిందా? అక్కడి రైల్వే వర్క్‌షాపు, ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి తరతరాలుగా అందులో పనిచేసిన మన కార్మికుల నైపుణ్యం ఆ మీటర్లలో ఎక్కడా కనిపించవు.

శాస్త్రజ్ఞులను కొలవడానికీ ఇలాంటి కొలబద్ద ఒకటుంది. ఒక పరిశోధనా పత్రాన్ని తరువాతి పత్రాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయన్న లెక్క అది. దీన్నే ఉల్లేఖనల సంఖ్య, అంటే సైటేషన్ల సంఖ్య అంటారు. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఈ సూచికను ప్రతిపాదించారు. పాత పత్రం నుంచి కొత్త పత్రానికి దారి చూపడం అప్పటి ఉద్దేశం. క్రమంగా అది మనుషులకు మార్కులు వేసే సాధనమయింది. ఈ తూకం ఎంత నమ్మదగినదో ఒక ఉదాహరణతో పరీక్షిద్దాం.

వైను బప్పు 1927లో మద్రాసులో జన్మించారు. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసేవారు. నిజాం కాలేజీలో చదివిన బప్పు ఉపకారవేతనంతో హార్వర్డ్ వెళ్ళారు. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో ఒక పత్రం ప్రచురించారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం 'కె' రేఖ నల్లగా, వెడల్పుగా ఉంటుంది. దాని నడుమ సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. నక్షత్రపు నిజమైన కాంతి ఎంత ఎక్కువైతే ఈ గీత అంత వెడల్పవుతుంది. గీత ఎంత ప్రకాశవంతంగా ఉందన్నదానితో నిమిత్తం లేదు. 185 నక్షత్రాలను పరిశీలించి, దాదాపు పది లక్షల రెట్ల కాంతి తేడా ఉన్న తారలన్నిటికీ ఈ సంబంధం వర్తిస్తుందని వారు చూపారు. అంటే గీత వెడల్పు కొలిస్తే నిజకాంతి, దాని నుంచి దూరం తెలుస్తాయి. ఇదే విల్సన్–బప్పు ప్రభావం.

పత్రం బలం దాని సరళత. అయితే అది అనుభవం మీద తేలిన సంబంధం. వెడల్పు ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నపై దశాబ్దాలపాటు వాదోపవాదాలు సాగాయి. వివరణ ఇవ్వబూనిన ప్రతివారూ ఈ పత్రం దగ్గరికే రావలసి వచ్చింది. ప్రశ్న తెగకపోవడం కూడా ఉల్లేఖనలకు ఎరువే!

దీనికి మేఘనాద్ సాహా కథ ఎదురు నిలుస్తుంది. ఆయన 1920లో ప్రకటించిన అయనీకరణ సమీకరణంతోనే నక్షత్రాల వర్ణపటాలకు అర్థం చెప్పగలిగారు. నేడు అది పాఠ్యపుస్తకాల్లో ఉంది. సమీకరణం వాడేవారు మూలపత్రాన్ని పేర్కొనడం అరుదు. ఒక ఆవిష్కరణ అందరి సొత్తయ్యాక ఉల్లేఖన ఆగిపోతుంది. తక్కువ సంఖ్య ఒక్కోసారి పూర్తి విజయానికి గుర్తు.

ఇక లెక్కకు అందనిది మరొకటుంది. 1960లో కొడైకనాల్ వేధశాల బాధ్యత తీసుకున్న బప్పు, తమిళనాడులోని కావలూరులో కొత్త పరిశీలనా కేంద్రాన్ని నిర్మించారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు అక్కడి ఒక మీటరు దూరదర్శినితో జె.సి. భట్టాచార్య, కుప్పుస్వామి నక్షత్రకాంతి క్షణకాలం తగ్గడాన్ని నమోదు చేశారు. మొదట దాన్ని ఉపగ్రహమనుకున్నారు. అది యురేనస్ వలయమని తరువాత తేలింది. విమానం నుంచి పరిశీలించిన జేమ్స్ ఇలియట్ బృందానికే వలయాల ఆవిష్కర్తలన్న పేరు దక్కింది. ఆ దూరదర్శినిని అక్కడ నిలబెట్టడానికి పట్టిన ఏళ్ళు ఏ సూచికలోనూ చేరలేదు. బప్పు 1982లో మరణించారు. 1986లో ప్రారంభమైన 2.3 మీటర్ల దూరదర్శిని ఆయన పేరు మోస్తోంది.

ఉల్లేఖనల సంఖ్య అబద్ధం చెప్పదు. ఎక్కడ చర్చ సజీవంగా ఉందో చెబుతుంది. చర్చ ముగిసిన చోటును, చర్చకు వేదిక కట్టినవారిని అది చూడలేదు. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచికకూ ఇదే పరిమితి. కనుక మీరు ఏ శాస్త్రజ్ఞుని పక్కన పెద్ద సంఖ్య చూసినా, ఆ పత్రం తెరిచి అందులోని గ్రాఫును ఒకసారి చూడండి. 1957 నాటి పత్రంలో చుక్కలన్నీ ఒకే సరళరేఖ వెంట బారులు తీరి ఉంటాయి. దాని విలువ తెలుసుకోవడానికి మరో లెక్క అక్కరలేదు.