పచ్చి కర్ర, పదిహేడేళ్ల ఆటగాడు

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్కబొమ్మ పనికి వాడేది అంకుడు కర్ర. మెత్తటిది, ఉలికి ఇట్టే లొంగుతుంది. అయినా నరికి తెచ్చిన రోజే దాన్ని లేత్ ఎక్కించరు. తేమ పోయేదాకా ఎండబెడతారు. పచ్చిగా ఉండగానే చెక్కితే ఆరాక బొమ్మ పగులుతుంది. బాగా ఎండిన ముక్క లేత్ మీద గిరగిరా తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. పనివాడు కర్రను ఎంచేటప్పుడు అది ఇవాళ ఎలా ఉందన్నదాని కంటే ఎండాక ఎలా నిలుస్తుందన్నదే చూస్తాడు. కుర్ర ఆటగాళ్లలో సత్తా కనిపెట్టడానికి కావలసిన చూపు కూడా ఇదే. ఆ చూపును ఓపిగ్గా నేర్పుతున్న చోటు ఒకటుంది, మన పెద్దలు అంతగా పట్టించుకోనిది: ఆన్‌లైన్ క్రీడా మేనేజ్‌మెంట్ ఆటలు.

వీటిలో పాతకాపు హ్యాట్రిక్. 1997లో స్వీడన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆట ఇది. బంతిని తన్నడం ఉండదు. జట్టును నడపడమే ఆట. పదిహేను, పదహారేళ్ల కుర్రాళ్లను స్కౌట్ తీసుకొస్తాడు, వాళ్లను యూత్ అకాడమీలో చేర్చుకోవాలి. ఎవరికి ఏ నైపుణ్యం ఎంత ఉందో మొదట కనిపించదు. గోల్‌కీపింగ్, డిఫెన్స్, పాసింగ్, స్కోరింగ్ లాంటివన్నీ తెర వెనకే ఉంటాయి. స్కౌట్ అన్న ఒక మాట, మ్యాచ్ తర్వాత కోచ్ చేసిన ఒక వ్యాఖ్య, ఏ స్థానంలో ఆడితే ఎన్ని నక్షత్రాలు వచ్చాయి అన్న లెక్క, వీటిని కూడగట్టుకుని కుర్రాడి బొమ్మను వారం వారం గీసుకోవాలి. మిడ్‌ఫీల్డ్ శిక్షణ ఇవ్వాలంటే వాణ్ని మిడ్‌ఫీల్డ్‌లోనే ఆడించాలి, అంటే అనుమానం ఉన్న కుర్రాడికి కూడా మ్యాచ్‌లో చోటివ్వక తప్పదు. పదిహేడేళ్లు నిండి, కనీసం ఒక సీజన్ అకాడమీలో గడిపితే గాని సీనియర్ జట్టుకి పంపడం కుదరదు. తొందరపాటుకు నియమాల్లోనే అడ్డుకట్ట ఉంది. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే.

ఈ ఆట నేర్పే రెండో పాఠం వయసు లెక్క. హ్యాట్రిక్‌లో 112 రోజులకు ఆటగాడి వయసు ఒక ఏడాది పెరుగుతుంది, చిన్న వయసులో శిక్షణ త్వరగా ఒంటబడుతుంది. అందుకే నైపుణ్యాలన్నీ సమానంగా ఉన్నా పదిహేడేళ్ల ఐదు రోజులవాడికి పలికే ధర పదిహేడేళ్ల వంద రోజులవాడికి పలకదు. అనుభవమున్న మేనేజర్ ముందు వయసు చూసి, ఆ తర్వాతే నైపుణ్యం చూస్తాడు. బయటి మైదానాల్లో మనం సరిగ్గా మరిచిపోయేది దీన్నే. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన తేదీలను పరిశీలించిన రోజర్ బార్న్స్‌లీ బృందం, ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్లే ఎక్కువగా పైకి వస్తున్నారని 1985లో చూపించింది. అక్కడ వయసు విభాగాలను జనవరి 1తో లెక్కగడతారు. జనవరిలో పుట్టినవాడు డిసెంబరు పిల్లవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ ఒడ్డూ పొడుగూ చూసి ప్రతిభ అనుకున్నారు, మంచి శిక్షణ వాడికే ఇచ్చారు, తేడా మరింత పెరిగింది. మన దగ్గర దీనికి తోడు దొంగ వయసు బెడద కూడా ఉంది. అందుకే క్రికెట్ బోర్డు అండర్-16 కుర్రాళ్లకు ఎముకల వయసు పరీక్ష పెట్టుకుంది.

మనుషులు అంకెలు కారు గదా అని ఎవరైనా అడిగితే, ఆ మాటలో నిజముంది. హ్యాట్రిక్ కుర్రాడి ఎదుగుదలకు పైకప్పును ప్రోగ్రామే ముందుగా వేసేస్తుంది. పిల్లలకు అలాంటి కప్పు ఎవరూ వేయలేరు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరిని చూడండి. బక్కగా ఉందంటూ మొదట వెయిట్‌లిఫ్టింగ్ శిక్షణకు తీసుకోలేదు. తల్లి ప్రోత్సాహంతో ఆమె పట్టు వదల్లేదు. 1990లో సోదరితో కలిసి బెంగళూరు శిబిరానికి వెళ్లినప్పుడు, 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత లియోనిడ్ తరనెంకో కంట పడింది. 1994లో, 1995లో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. మొదటి చూపు ఆమె ఒంటిని కొలిచింది, రెండో చూపు ఆమెలోని ఎత్తగల శక్తిని పసిగట్టింది. కాబట్టి ఆట నుంచి తీసుకోవలసింది ఓపిక, వయసు లెక్క. వదిలేయవలసింది ఆ పైకప్పు. ఒక్కసారి చూసి కాదన్న బిడ్డను మళ్లీ చూడడానికి ఏర్పాటు లేకపోతే అది ఎంపిక అనిపించుకోదు, ఏరివేత అవుతుంది.

ఆన్‌లైన్ ఆట అనగానే డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు గుర్తుకొస్తాయి. ఆ భయం న్యాయమైనదే. పందెం ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. కానీ పందెమే లేని మేనేజ్‌మెంట్ ఆటను ఆ గాటన కట్టడం తప్పు. వారానికి కాసేపు కూర్చుని, ఆధారాలు పోగుచేసుకుని, నెలల తరబడి ఒక నిర్ణయం కోసం ఆగడం పిల్లలకు అబ్బితే అది నష్టం కాదు. ఎంపికలు జరిపే వ్యాయామ ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే: పరుగు సమయం, దూకిన దూరం రాసే కాగితంలోనే పుట్టిన తేదీ కూడా రాయండి, మూడు నెలల తర్వాత అందరినీ, ఈసారి ఎంపిక కానివాళ్లను కూడా, మళ్లీ పిలిచి కొలవండి.