ఊహల ఇంగ్లండ్, ఇరుగుపొరుగు ఇంగ్లండ్

2012 క్రిస్మస్ రాత్రి బ్రిటన్‌లో ఐటీవీ ‘డౌన్‌టన్ ఆబీ’ సీరియల్ ప్రత్యేక ఎపిసోడ్ వేసింది. చివర్లో మాథ్యూ క్రాలీ కారు ప్రమాదంలో చనిపోతాడు. ఆ ఎపిసోడ్‌తో ముగిసిన సీజన్ అమెరికాలో పీబీఎస్‌లో మొదలైందే 2013 జనవరిలో. మాథ్యూ పెళ్లి అక్కడివాళ్లు చూసేనాటికే అతని చావు పత్రికలకెక్కింది. కొత్త పెళ్లికొడుకు నవ్వుతుంటే, వీడికి రోజులు దగ్గరపడ్డాయని తెలిసి చూడాల్సి వచ్చింది. దూరదేశంలో ఉన్నవాళ్లకి సీరియల్ దొరికితే చాలదు, వేళకు దొరకాలి.

స్ట్రీమింగ్ వచ్చాక ఈ పనికి పూనుకున్నవాటిలో ఏకార్న్ టీవీ, బ్రిట్‌బాక్స్ ముఖ్యమైనవి. రెండింటి నిండా హత్యలు, డిటెక్టివులు, పచ్చటి పల్లెలే కాబట్టి పైకి తేడా కనపడదు. పుట్టుక మాత్రం వేరు. ఏకార్న్ వేర్లు అమెరికాలోని మేరీలాండ్‌లో, బ్రిటిష్ సీరియళ్ల క్యాసెట్లు, డీవీడీలు అమ్మిన కంపెనీలో ఉన్నాయి. 2011లో స్ట్రీమింగ్‌లోకి దిగి, తర్వాత ఏఎమ్‌సీ చేతికి వెళ్లింది. బ్రిట్‌బాక్స్‌ను బీబీసీ, ఐటీవీ కలిసి 2017లో అమెరికాలో పెట్టాయి. 2024లో ఐటీవీ వాటాను కూడా బీబీసీయే కొనేసింది. ఏకార్న్‌ది బయటి నుంచి మెచ్చి ఏరుకునేవాడి చూపు. బ్రిట్‌బాక్స్‌ది సొంత సరుకు పంపించే ఇంటివాళ్ల చూపు.

ఏకార్న్ అభిరుచి మంచిది. ‘అగాథా రైజిన్’ను బ్రిటన్ చానల్ స్కై మొదటి సీజన్‌తో వదిలేస్తే, తర్వాతి సీజన్లు తీయించింది ఏకార్నే. వెల్ష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ తీసిన ‘కీపింగ్ ఫెయిత్’ను అమెరికా వాళ్లకి చూపించింది కూడా అదే. అక్కడ దొరికినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మెకెంజీ క్రూక్ రాసి, తీసి, నటించిన ‘డిటెక్టరిస్ట్స్’. ఆండీ, లాన్స్ అనే ఇద్దరు మిత్రులు మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పొలాల్లో నెమ్మదిగా నడుస్తుంటారు. పరికరం కూస్తుంది, మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతారు, డబ్బా మూత రింగు బయటపడుతుంది. మట్టి దులిపి దాన్ని కూడా శ్రద్ధగా చూస్తారు. మధ్యాహ్నం చెట్టు కింద ఫ్లాస్కులో టీ తాగుతూ ‘యూనివర్సిటీ చాలెంజ్’ గురించి మాట్లాడుకుంటారు.

ఏకార్న్ హద్దు నాకు ఆ చెట్టు కిందే తెలిసింది. ‘యూనివర్సిటీ చాలెంజ్’ 1962లో మొదలై బ్రిటన్ ఇళ్లలో వస్తున్న క్విజ్. అందులో ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పగలిగినా ఆ ఇద్దరికీ ఎంత గర్వమో, ఆ క్విజ్ ఎరిగినవాళ్లకే పూర్తిగా తెలుస్తుంది. మంచి నాటకం రోజువారీ టీవీ మీద ఆనుకుని నిలబడుతుంది. ఏకార్న్ నాటకాన్ని పంపి, ఆ రోజువారీని అక్కడే వదిలేస్తుంది. అందుకే అది చూపే ఇంగ్లండ్ అందంగా ఉన్నా ఊహల్లో ఉంటుంది.

బ్రిట్‌బాక్స్ గొప్పతనం ఆ రోజువారీని తీసుకురావడంలో ఉంది. ‘ఈస్ట్‌ఎండర్స్’ లాంటి సీరియళ్లను బ్రిటన్‌లో వచ్చిన 24 గంటల్లోపే పెడతామని అమెరికాలో మొదట్లోనే చెప్పింది. విమర్శకులు ఈ సీరియళ్లని చిన్నచూపు చూస్తారు. నేను అలా చూడలేను. 2025 ఫిబ్రవరిలో ‘ఈస్ట్‌ఎండర్స్’కు 40 ఏళ్లు నిండినప్పుడు ప్రత్యక్ష ప్రసారంగా వేసిన ఎపిసోడ్‌లో, డెనీస్ ఇద్దరు మగవాళ్లలో ఎవరితో ఉండాలో ప్రేక్షకులే ఓటేసి తేల్చారు. దేశమంతా ఒకే రాత్రి ఒకే సంగతి మీద వాదులాడుకుంది. నాలుగు నెలల తర్వాత చూస్తే అది పాచిపోయిన అన్నమే. మర్నాడే చూస్తే, బోస్టన్‌లో ఉన్న కూతురు లండన్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసి, డెనీస్ జాక్‌ను ఎంచుకోవడం సబబేనా అని అడగగలదు. విదేశాల్లో మన తెలుగు వాళ్లు తెలుగు చానళ్లు చూపే యప్ టీవీ పెట్టించుకున్నది కూడా ఇలాంటి మాటల కోసమే.

నటన, రచన తూచి మార్కులు వేయమంటే ఏకార్న్ వైపే మొగ్గుతాను. ఇల్లు విడిచి వచ్చినవాళ్లకి ఏది కావాలంటే మాత్రం సందేహం లేకుండా బ్రిట్‌బాక్స్ అంటాను. అయితే అది కూడా హక్కులున్న కొన్ని దేశాలకే పరిమితం. ఒక్కో దేశానికి ఒక్కో చానల్‌కు హక్కులు ముందే అమ్మేసి ఉండటం వల్ల, కెనడాలో కట్టిన చందా హైదరాబాద్‌కు మకాం మారిస్తే పనికిరాకపోవచ్చు.

వీటికన్నా మెరుగైన దారిని బీబీసీ ఒకసారి తొక్కి చూసింది. 2011లో పశ్చిమ యూరప్‌లో మొదలుపెట్టి, తర్వాత కెనడా, ఆస్ట్రేలియాలకు కూడా తన స్ట్రీమింగ్ సేవ ఐప్లేయర్‌ను నెల చందాకు ఇచ్చి, 2015లో మూసేసింది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి బీబీసీని నడిపే టీవీ లైసెన్స్ ఫీజు కట్టినవాళ్లు కూడా ఇవాళ దేశం దాటగానే ఐప్లేయర్‌కు పరాయివాళ్లు. డబ్బు కడతామన్నా తీసుకునే కిటికీ లేదు. వీపీఎన్‌తో దొడ్డిదారి వెతికేవాళ్లని తప్పుపట్టే ముందు, బీబీసీ ఆ కిటికీ మళ్లీ తెరవాలి.