ఇంటిలోని ఛాయాచిత్రం - సహజత్వ సమస్య

ఛాయాచిత్రాలను గురించి ఆలోచించేవారిలో ఒక అభిప్రాయం బలంగా నాటుకొని వున్నది. కెమెరా ముందు సర్దుకొని కూర్చుని తీయించుకొన్న బొమ్మ అబద్ధమనీ, ఏమరుపాటున తీసిన బొమ్మ నిజమనీ వారంటారు. అమ్మ రొట్టె తడుతుంటే, నాయన అరుగుమీద కునుకు తీస్తుంటే, పిల్లలు పోట్లాడుకొంటుంటే వారికి తెలియకుండా పట్టిన క్షణమే వాస్తవిక కళ అని వీరి వాదన. పైకి చూస్తే ఇది మనకు నచ్చవలసిన వాదనే. రాజులనూ జమీందారులనూ వదిలి మామూలు ఇంటిలోకి వచ్చిన కళను అభ్యుదయవాదులు ఎందుకు కాదంటారు? అయినా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఇళ్ళను దృష్టిలో పెట్టుకొని చూస్తే ఈ వాదన నిలవదని నా అభిప్రాయం.

ముందు కొంత చరిత్ర చూడాలి. 1876-78 నాటి ధాతు కరువులో మద్రాసు రాజధాని జిల్లాలు మలమల మాడిపోయినపుడు హూపర్ అనే సైనికాధికారి కెమెరా పట్టుకొని బయలుదేరాడు. ఎముకల గూళ్ళయిన తల్లులనూ బిడ్డలనూ గుంపులుగా చేర్చి, కూర్చోబెట్టి బొమ్మలు తీశాడు. ఆ కరువులో ఘోరంగా దెబ్బతిన్నవాటిలో బళ్ళారి జిల్లా ఒకటి. అప్పుడు మన ఆదోని ఆ జిల్లాలోనిదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు గదా కర్నూలు జిల్లాలో కలిసింది. ఇక అవతల నిజాం రాజ్యంలో, 1892లో, రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఆంగ్ల వనిత. ఎత్తైన గోడల చాటున, పరాయి మగవాడి కన్ను పడకుండా, బేగములు తమకు నచ్చిన తీరులో బొమ్మలు తీయించుకొన్నారు. ఈ రెండు చోట్లా బొమ్మలు కూర్చోబెట్టి తీసినవే. అయితే బేగము తన భంగిమను తానే ఎంచుకొన్నది. కరువు తల్లికి ఆ ఎంపిక లేదు. కాబట్టి మనం అడగవలసిన మొదటి ప్రశ్న భంగిమ వున్నదా లేదా అని కాదు, ఆ భంగిమను నిర్ణయించిన వారెవరు అని.

చేతిలో ఇమిడే కెమెరాలు ఐరోపా, అమెరికా మధ్యతరగతి ఇళ్ళలోకి 1888 తరువాత, ముఖ్యంగా 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చిన తరువాత చొరబడ్డాయి. మన ప్రాంతంలో చాలా కాలం దాకా కుటుంబమంటే స్టూడియోలో వెనుక తెర ముందు వరుసగా నిలిచిన కుటుంబమే. బిగించిన దవడలు, మోకాళ్ళ మీద చేతులు. ఫోను చేతికి వచ్చి, 2016 తరువాత ఇంటర్నెట్టు చౌక అయినాక గాని ఏమరుపాటు బొమ్మ మా వీధుల్లోకి రాలేదు. ఇప్పుడు నా తరగతిలో కూర్చునే నేతపని వారి పిల్లల దగ్గర, పత్తి మిల్లు కూలీల పిల్లల దగ్గర వందల కొద్దీ ఇంటి బొమ్మలున్నాయి. ఈ వ్యాసానికి ఆధారం అవే.

ఎమ్మిగనూరు నేత ఇంటిని తీసుకోండి. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఏర్పడిన చేనేత సహకార సంఘం వల్ల ఆ వూరి పేరు దేశమంతటా తెలిసింది. ఇప్పుడు మగ్గాలు తగ్గిపోయాయి. మిగిలినచోట మాత్రం ఇల్లే కార్ఖానా. గుంట మగ్గంలో కాళ్ళు దించి మగవాడు నేస్తుంటాడు. పక్కనే రాట్నం ముందు ఆడవారు కండెలు చుడుతుంటారు. పొయ్యి అక్కడే, ఉయ్యాల అక్కడే. ఇటువంటి ఇంట్లో "నిత్యజీవిత క్షణం" అనే దానిని శ్రమనుండి విడదీసి తీయడం సాధ్యమా? విశ్రాంతి వేరుగా, పని వేరుగా వున్న వర్గం వారికే ఇల్లంటే తీరిక. వారి కెమెరా ఇంట్లో వెతికేది నవ్వులను, పుట్టినరోజులను, పిల్లి కూనలను. నేత ఇంట్లో పిల్లవాడి ఆట కూడా దారపు వుండతోనే.

నేను చూసిన రెండు బొమ్మలను పోలుస్తాను. మొదటిది బయటినుండి వచ్చిన ఒక యువకుడు తీసినది. మట్టి మిద్దెకు గవాచి వుంటుంది గదా, పైకప్పులో వదిలిన వెలుతురు కన్ను. అందులోంచి ఒక్క కిరణం పడుగు మీద పడుతున్నది. దారాలు వెండితీగల్లా మెరుస్తున్నాయి. నేసేవాడి చేతులు మాత్రమే కనిపిస్తాయి, ముఖం చీకట్లో కలిసిపోయింది. శిల్పం నిర్దుష్టం, ఒప్పుకొంటాను. రెండవది మా విద్యార్థిని ఒకతె ఫోనుతో తీసినది. కొంచెం వంకరగా వున్నది, ఒక మూల ఆమె వేలే అడ్డం వచ్చింది. అవ్వ రాట్నం ఆపి, తెగిన పోగును కంటికి దగ్గరగా పెట్టుకొని చూస్తున్నది. ఆ చూపులో విసుగున్నది. వెనుక గోడకు పెళ్ళినాటి స్టూడియో బొమ్మ వేలాడుతున్నది. అందులో ఆ అవ్వే, పదహారేళ్ళ పిల్ల. మొదటి బొమ్మలో వెలుతురు అందం. రెండవ బొమ్మలో అదే వెలుతురు చాలకపోవడం వస్తువైంది. గవాచి కింద అరవై యేళ్ళ కన్ను పడే కష్టం మొదటివాడికి తెలియదు. తెలిసి వుంటే ఆ కిరణాన్ని అంతగా మెచ్చుకొని వుండేవాడు కాడు.

1955లో న్యూయార్కులో ఎడ్వర్డ్ స్టైకెన్ ఏర్పాటు చేసిన "మానవ కుటుంబం" ప్రదర్శనను ఇక్కడ తలచుకోవాలి. 68 దేశాల నుండి 503 చిత్రాలు: పుట్టుక, పెళ్ళి, పని, చావు. మనుషులంతా ఒకే కుటుంబమని దాని సందేశం. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ దీన్ని గట్టిగా ఎత్తిపొడిచాడు. 1957లో వచ్చిన ఆయన వ్యాస సంపుటిలో ఆ విమర్శ వున్నది. అందరూ పుడతారు, అందరూ చస్తారు, సరే. ఎలా పుడుతున్నారు, ఏ పరిస్థితుల్లో చస్తున్నారు అనే చరిత్రను ఆ ప్రదర్శన తుడిచిపెట్టిందని ఆయన అభ్యంతరం. అమ్మ రొట్టె తట్టే బొమ్మకు కూడా ఇది వర్తిస్తుంది. జొన్నపిండి తట్టే చేయి ఎక్కడైనా ఒకటే. కాని ఆ అమ్మ ఆదోని జిన్నింగు మిల్లు నుంచి అప్పుడే వచ్చి, తలలో దూది నూగు దులుపుకోకుండానే పొయ్యి ముందు కూర్చున్నదా, లేదా? ఆ నూగు కనబడేంత దగ్గరగా కెమెరా వెళ్ళిందా?

ఇక సుగ్గి సంగతి. వానలు ముఖం చాటేసిన యేడు ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళతాయి. వాకిళ్ళకు తాళాలు పడతాయి. ఒక విద్యార్థి తన తల్లి ఫోనులో పంపిన బొమ్మలు చూపించాడు. పరాయి చేను గట్టున పట్ట కప్పిన గుడిసె, మూడు రాళ్ళ పొయ్యి, తల దువ్వించుకొంటున్న చెల్లెలు. ఏమరుపాటు బొమ్మకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కాని "ఇంటిలోని" అన్న మాట ఇక్కడ దేనికి అన్వయిస్తుంది? ఆ ఇంటికి తాళం వేసి వున్నది. కుటుంబ చిత్రాలను గురించి ఐరోపావారు రాసిన సిద్ధాంతాలలో గోడలు స్థిరంగా వుంటాయి. మనవి కదులుతున్నాయి.

అట్లాగని ఏ కష్టాన్నైనా కెమెరాతో పట్టేస్తే అభ్యుదయం అవుతుందనుకోరాదు. మన కుర్రవాళ్ళు కొందరు ఈ పొరపాటే చేస్తున్నారు. ఒకడు పాత చీరలో అంట్లు తోముతున్న తల్లిని తీసి తరగతిలో చూపించాలనుకొన్నాడు. ఆమె వద్దన్నది. "ఈ చీరలోనా నాయనా? నీళ్ళు పోసుకొని వస్తాను, అప్పుడు తియ్యి" అన్నదట. వాడికి అది నటనగా, మధ్యతరగతి భ్రమగా తోచింది. నాకు అలా తోచలేదు. ఉతికిన చీర కట్టుకొని, తల దువ్వుకొని కెమెరా వైపు సూటిగా చూడడం దీన్ దయాళ్ స్టూడియోలో బేగములు పొందిన హక్కే. అది ఎమ్మిగనూరు తల్లికి వచ్చేసరికి బూటకం ఎలా అవుతుంది? ఆమె ఎన్నుకొన్న భంగిమ కూడా వాస్తవమే. ఆమె ఏమి కావాలనుకొంటున్నదో అది చెబుతుంది. వాస్తవికత పేరుతో ఆమె కోరికను తోసిపుచ్చితే, హూపర్‌కూ మనకూ తేడా ఎంత?

మరో విషయం. ఈ వందల బొమ్మల్లో తల్లులున్నారు, అవ్వలున్నారు, వదినెలున్నారు. తీసినవారు చాలావరకు కొడుకులూ అన్నదమ్ములూ. ఆడపిల్ల చేతికి ఫోను ఇవ్వడానికి జంకే ఇళ్ళు ఇంకా వున్నాయి. కనుక ఇంటి పనిని పని చేయనివాడు చూసిన చూపే మనకు ఎక్కువగా దొరుకుతున్నది. వదినె వంగి వాకిలి వూడ్చడం అతనికి ఒక దృశ్యం. ఆ చీపురు ఆమెకు నడుమునొప్పి. ఇందాక చెప్పిన అవ్వ బొమ్మకు ఆ బలం రావడానికి కారణం, తీసిన పిల్ల కూడా రోజూ బడినుండి వచ్చి అదే రాట్నం ముందు కూర్చున్నదే కావడం.

మిగిలింది భద్రపరచడం. స్టూడియో బొమ్మకు చట్రమున్నది, గోడ వున్నది. ఫోను బొమ్మకు రెండేళ్ళ ఆయుష్షు కూడా లేదు. ఫోను పగిలితే అవ్వ పోతుంది. నేను విద్యార్థులకు చెప్పేది ఒక్కటే: తలా పది బొమ్మలు కాగితం మీద తీయించండి, వెనుక తేదీ, వూరు, ఆ సమయంలో చేస్తున్న పని, దానికి వచ్చే కూలి రాయండి. బొమ్మలోని మనిషిని అడిగి రాయండి. ఆ విద్యార్థిని అవ్వ బొమ్మ వెనుక రాసుకొని వచ్చింది. తేదీ వున్నది, వూరి పేరు వున్నది. కూలి దగ్గర మాత్రం, కండెలు చుట్టినందుకు వేరే కూలి ఏమీ లేదని, అది నేసేవాడి కూలిలోనే కలిసిపోతుందని అవ్వ చెప్పిన మాటను ఆమె ఉన్నదున్నట్లు రాసింది.