వస్తువు ఎక్కడుంది?

మా ఊళ్ళో నెలకోసారి నలుగురం కలిసి కథలు చదువుకుంటాం. నలుగురం అన్నది మాటవరసకి; పకోడీలున్న నెలలో పన్నెండుమందిమి. కొన్నేళ్ళ క్రితం అక్కడ నా కథ ఒకటి చదివాను. అమ్మ పోయిన కబురు అర్ధరాత్రి ఫోన్లో రావడం, టికెట్టు దొరక్కపోవడం, నేను చేరేసరికి అన్నీ అయిపోవడం, అదీ కథ. చదవడం పూర్తయ్యాక ఒక పెద్దావిడ, అక్కడ తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరై పిల్లల దగ్గరకొచ్చినావిడ, "బావుంది బాబూ, దీని వస్తువేమిటి?" అని అడిగారు. "ప్రవాసం" అన్నాను. "అది విమానం టికెట్టు చూసినా తెలుస్తుంది కదా!" అన్నారావిడ.

ఒళ్ళు మండింది. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఆలోచించగా నాకు తోచిందేమిటంటే, 'వస్తువు' అన్న ఒక్క మాటతో మనం రెండు పనులు చేయించుకుంటున్నాం. కథ దేని గురించి అన్నది ఒకటి. దాని గురించి కథ ఏం అడుగుతోంది అన్నది ఇంకొకటి. మొదటిదాన్ని విషయం అందాం. వరకట్నం, అప్పు, ప్రవాసం, ఇవన్నీ విషయాలు. కన్యాశుల్కమూ ఒక విషయమే. పసిపిల్లల్ని డబ్బు తీసుకుని ముసలివాళ్ళకి కట్టబెట్టే ఆ ఆచారం పోయి ఎన్నాళ్ళో అయింది. 1909లో గురజాడ తిరగరాసిన నాటకం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ గిరీశం ఏ సభలోనో మన పక్క కుర్చీలోనే ఉంటాడు కనక విషయం పోయినా వస్తువు మిగిలిందన్నమాట.

1966లో అచ్చయిన కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' తీసుకోండి. ఎవర్ని అడిగినా "అప్పు కథ" అంటారు. సుందరపాలెంలో అప్పల్రాముడు గోపన్నకి బాకీపడ్డాడు, పంచాయితీ జరిగింది, బాకీ తీర్చాలని తేలింది, తన కొడుకు పాలేరుతనంలో బతక్కూడదని సీతారాముడు ఆ పసివాణ్ణి చంపేశాడు. ఇంతే అయితే కథ ఐదారు పేజీల్లో అయిపోవాలి. కానీ మాస్టారు మధ్యలో ఊరి చరిత్ర అంతా చెప్తారు. శ్రీరాములునాయుడి పెద్దరికంలో ఊరు ఎలా బాగుపడిందో తాపీగా చెప్పుకొస్తారు. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ పేజీలు తిప్పేశాను. దాచుకోవడమెందుకు, చాలామంది అలాగే తిప్పేస్తారు.

ఆ పెద్దావిడ ప్రశ్న తర్వాత మళ్ళీ చదివితే, నేను తిప్పేసిన పేజీల్లోనే కథ ఉంది. నాయుడు దుర్మార్గుడు కాడు. న్యాయం కోసం నిజంగానే తాపత్రయపడే మనిషి. ఊరు బాగుపడిన మాటా నిజమే. మరి అదే ఊళ్ళో, అదే కాలంలో, ఈ ఒక్క కుటుంబం ఎందుకు చితికిపోయింది? ఊరి బాగుకి అయిన ఖరీదు ఎవరి ఖాతాలో పడింది? ఈ ప్రశ్న పట్టుకుంటే ఆ చరిత్రలో తీసేయదగ్గ పేరా ఒక్కటీ కనపడదు. చివరి హత్య న్యాయమా, అన్యాయమా, నమ్మదగ్గదా అని విమర్శకులు ఎంతో వాదించుకున్నారు. నామట్టుకు నాకు ఆ ముగింపు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా మింగుడుపడకపోవడం వల్లనే కథలో వెనక్కి వెళ్ళి ఆ లెక్కలు మళ్ళీ చూశాను.

వ్యాసాల సంగతి ఇంకా అన్యాయం. మన సంచికలకి 'ఫలానావారి కథల్లో స్త్రీ పాత్రలు' వంటివి తరచూ వస్తుంటాయి. పాతిక కథల సారాంశాలు, మధ్యమధ్య "అద్భుతంగా చిత్రించారు". ఆ పాతికనీ చివరినుంచి మొదటికి పేర్చినా వ్యాసం చెక్కుచెదరదు. ఎందుకంటే అందులో విషయం ఉంది గాని ప్రశ్న లేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వేసినప్పుడు పింగళి సూరన కళాపూర్ణోదయం గురించి రాశారు. పుస్తకం పేరులో మాత్రం సూరన లేడు, కవిత్వతత్త్వం ఉంది. ఒక కావ్యాన్ని పట్టుకుని అసలు కవిత్వమంటే ఏమిటని అడిగారు. ఆయన తీర్పులతో పోట్లాడినవాళ్ళు చాలామంది. పోట్లాడటానికి అందులో ఏదో ఉండబట్టేగా!

ఒక్క తేడా మాత్రం ఉంది. వ్యాసకర్త తన ప్రశ్నని మొదటి పేజీలోనే చెప్పేయాలి, లేకపోతే పాఠకుడికి దారి తెలీదు. కథకుడు అలా చెప్పేస్తే మిగతా కథ ఉపన్యాసమైపోతుంది. పైగా కథకుడికి తన ప్రశ్నేమిటో రాసేటప్పుడు తెలియకపోవచ్చు కూడా.

నాకు తెలియలేదు. నా కథలో తమ్ముడు ఒకే ఒక్క వాక్యంలో ఉన్నాడు: "తమ్ముడు అన్నీ చూసుకున్నాడు". ఆ 'అన్నీ' పదకొండేళ్ళు. అమ్మని వదిలి వెళ్ళలేక వాడు వేరే ఊరికి బదిలీతో వచ్చిన ప్రమోషను వదులుకున్నాడు. నా టికెట్టు గురించి రెండు పేజీలు రాసిన నేను, ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

కథ తిరగరాసి, అచ్చుకి ఇచ్చేముందు వాడికి పంపాను. తర్వాతి ఆదివారం ఫోన్ చేశాడు. ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయనీ, పెరట్లో మామిడిచెట్టు కొట్టించాల్సి వచ్చిందనీ చెప్పాడు. కథ గురించి ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.