సుత్తి దెబ్బా, దుమ్ము దెబ్బా?

పాలికార్బొనేట్ గొప్పదనం చూపించాలంటే అమ్మేవాళ్లు సుత్తి తీసుకుంటారు. గాజు పలకనూ పాలికార్బొనేట్ పలకనూ పక్కపక్కన పెట్టి చెరో దెబ్బ వేస్తారు. గాజు భళ్లుమంటుంది. రెండోది దెబ్బను మింగేసి ఊరుకుంటుంది. చూసేవాళ్లకు పోటీ అక్కడితో తేలిపోతుంది. కానీ కారు ముందద్దాన్ని పదేళ్లలో సుత్తి ఎన్నిసార్లు తాకుతుంది? కర్ణాటకలోని పావగడ తాలూకా రోడ్ల మీద దాన్ని రోజూ తాకేది దుమ్ము, ఎండ. అరుదుగా వాన పడితే, మొదటి నిమిషంలో ఆ దుమ్మును అద్దం మీద ఈడ్చే వైపర్ కూడా. పరీక్ష వీటితో పెట్టాలి.

విడిభాగాలు కొని సొంతంగా బిగించుకునే కిట్ కారు మన దగ్గర పుట్టిన సరదా కాదు. ఇంగ్లండులో 1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ దానికి పెద్ద పేరు తెచ్చింది. భాగాలుగా కొంటే కొనుగోలు పన్ను తప్పడం అక్కడి ఆకర్షణ. ఇక్కడ దానికి దగ్గరగా వచ్చేవి షెడ్డులో పాత జీపుకు కొత్త బాడీ కట్టించుకోవడం, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు పోటీలకు బగ్గీ వెల్డింగ్ చేసుకోవడం. ఎక్కడైనా చిక్కు ఒకటే. ఛాసిస్ కుదురుతుంది, ఇంజను దొరుకుతుంది, ముందద్దం దగ్గర పని ఆగుతుంది. చదును లామినేటెడ్ గాజునైతే కొలత ప్రకారం కోసిస్తారు. వంపు కావాలంటే అచ్చు, కొలిమి ఉన్న ఫ్యాక్టరీకి వెళ్లాలి, ఒక్క అద్దం కోసం వాళ్లెవరూ అచ్చు పోయరు. పాలికార్బొనేట్‌నయితే జిగ్‌సాతో కోయొచ్చు, డ్రిల్లుతో తొలచొచ్చు, పూత లేని పలకనయితే వేడి చేయకుండానే కొంత వంచొచ్చు. సొంతంగా బండి కట్టేవాడి మనసు దానివైపు లాగడంలో తప్పేమీ లేదు.

రెండో ఆకర్షణ బరువు. గాజు సాంద్రత సుమారు 2.5, పాలికార్బొనేట్‌ది 1.2. మీటరుంబావు వెడల్పు, అర మీటరు ఎత్తు అద్దానికి నాలుగైదు కిలోలు మిగులుతాయి. అదీ బండి పైభాగంలో మిగలడం మంచిదే. కానీ ఈ లెక్క సగమే. బిగువులో గాజు పాలికార్బొనేట్ కంటే దాదాపు ముప్పై రెట్లు ఎక్కువ. ఒంటి పలక గాజు ఎంత వంగకుండా నిలుస్తుందో అంతే నిలవాలంటే పాలికార్బొనేట్ మందం మూడు రెట్లకు పైగా ఉండాలి. 5 మిల్లీమీటర్ల గాజుకు బదులు 15 మిల్లీమీటర్ల పలక అన్నమాట. అప్పుడు అదే బరువెక్కువ! పలుచనిది వేసి, వేగంలో అది లోపలికీ బయటికీ ఊగడాన్ని ఓర్చుకుంటేనే బరువు కలిసొస్తుంది. బ్రోచర్లలో ఈ ముక్క నాకెక్కడా కనబడలేదు.

ఇక దుమ్ము సంగతి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, పన్నెండు పదిహేనేళ్ల కారు ఒకటి చాలు. దాని హెడ్‌ల్యాంపు మూత పాలికార్బొనేట్, పైన గీతలు పడకుండా పూత. ముందద్దం గాజు. రెండిటికీ వయసొకటే, తిన్న ఎండా దుమ్మూ ఒకటే. హెడ్‌ల్యాంపు పసుపెక్కి మసకబారి ఉంటుంది, ముందద్దం గుండా ఎదురుగా వచ్చేది స్పష్టంగా కనిపిస్తుంది. హెడ్‌ల్యాంపు మీద వైపర్ తిరగలేదని కూడా గుర్తుంచుకోవాలి. మూలన పడున్న అంబాసిడర్ దొరికితే దాని గుండ్రటి గాజు దీపం తుడిచి చూడండి, పోలిక ఇంకా తేటపడుతుంది. కారణం సాదాది. దుమ్ములోని ఇసుక రేణువు గాజు కంటే కొంచెమే గట్టిది, పాలికార్బొనేట్ దాని ముందు మెత్తన. అతినీలలోహిత కిరణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంచుతాయి. పూత ఈ రెండింటినీ వాయిదా వేస్తుందే తప్ప ఆపలేదు.

పావగడలో ఇదే పోటీ ఇంతకంటే ఎంతో పెద్ద ఎత్తున ఒకసారి తేలిపోయింది. తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు ఊళ్ల రైతులు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి ఇచ్చిన సుమారు 13,000 ఎకరాల్లో, 2018 మార్చిలో ప్రారంభమైన సౌర విద్యుత్ పార్కు ఉంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. అక్కడ ఆకాశం వైపు పరిచిందంతా గాజే. సౌర పలకకు మామూలుగా 3.2 మిల్లీమీటర్ల టెంపర్డ్ గాజు వేస్తారు. తేలికగా, పగలకుండా ఉండే పాలికార్బొనేట్ వేస్తే మోత ఖర్చు, బిగింపు ఖర్చు తగ్గేవి కదా? గడ్డి కోసే యంత్రం ఎగరగొట్టిన రాయికి పలక పగిలే బాధా ఉండేది కాదు. అయినా వేయలేదు. పాతికేళ్లు వెలుతురును లోపలికి పోనివ్వాల్సిన పలక అది. దుమ్ము తుడిచినప్పుడల్లా గీతలు పడకూడదు, లోపలికి తేమ దిగకూడదు. వేడికి పాలికార్బొనేట్ గాజు కంటే ఏడెనిమిది రెట్లు సాగుతుంది కాబట్టి, దాని కింద అతికించిన సిలికాన్ బిళ్లలు ఆ లాగుడుకు తట్టుకోలేవు. పైసా పైసా లెక్కేసుకునే కంపెనీలు కూడా ఇక్కడ గాజు బరువునే మోశాయి.

ఈ సాగుడు షెడ్డులోనూ వదలదు. 1.2 మీటర్ల పాలికార్బొనేట్ పలక తెల్లవారు చలికీ మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి వేడికీ మధ్య 40 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. గాజు అర మిల్లీమీటరు కూడా పెరగదు. రంధ్రాలు వదులుగా తీయకుండా స్క్రూలు బిర్రుగా బిగించారో, అంచుల నుంచి సన్నని పగుళ్లు బయల్దేరతాయి. పెట్రోలు గుడ్డతో తుడిస్తే ఆ పని ఇంకా తొందరగా అవుతుంది.

పగలడంలో గాజుది ఓటమేనా? కంకర లారీ వెనక వెళ్తున్నప్పుడు ఎగిరొచ్చిన రాయి విషయంలో పాలికార్బొనేటే మేలు, ఒప్పుకోవాల్సిందే. అయితే విండ్‌షీల్డు గాజు పగలకూడదని చేసింది కాదు, పద్ధతిగా పగలాలని చేసింది. ఫ్రాన్సులో ఎదువార్ బెనెదిక్తూస్ 1909లో పేటెంటు తీసుకున్నప్పటి నుంచీ లామినేటెడ్ గాజు సూత్రం అదే. రెండు పలకల మధ్య పొర ముక్కలను పట్టి ఉంచుతుంది, గాజు పగులుతూ తల తాకిడిని కొంత తనలోకి తీసుకుంటుంది. సుత్తి ప్రదర్శనలో ఓడినట్టు కనిపించేది ప్రమాదంలో చేయాల్సిన పనే చేస్తోంది.

చట్టం కూడా ఇటే ఉంది. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 100వ నియమం ద్విచక్ర వాహనాలు, వ్యవసాయ ట్రాక్టర్లు తప్ప మిగతా బండ్ల ముందద్దం లామినేటెడ్ సేఫ్టీ గాజే కావాలంటుంది, కనీసం 70 శాతం వెలుతురు దాటాలంటుంది. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది కూడా. కాబట్టి జీపుకు ప్లాస్టిక్ ముందద్దం వేసి పావగడ నుంచి మడకశిర మీదుగా హిందూపురం పోదామంటే, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల్లోనూ అదే నియమం ఎదురొస్తుంది.

మరి అమెరికాలో నాస్కార్ రేసు కార్లకు పాలికార్బొనేట్ ఎలా వేస్తారంటారా? వేస్తారు. పైన పలుచని ఫిల్ములు పొరలు పొరలుగా అంటించి, మురికయిన కొద్దీ ఒక్కోటి లాగేస్తారు. అక్కడ అద్దం టైరులాగే అరిగి మారేది. హెల్మెట్ వైజర్ కూడా అంతే, మసకబారితే కొద్ది ఖర్చుతో కొత్తది బిగిస్తాం. పాలికార్బొనేట్‌ను మెచ్చుకోవాల్సిన చోటు అది. మార్చుకునే ఓపిక, డబ్బు ఉన్నచోట దానికి సాటి లేదు. రోడ్డెక్కని కాలేజీ బగ్గీకి నేనైనా అదే వేయమంటాను.

రోడ్డెక్కే బండికి నా సలహా పనిని తిరగేయమని. ముందు మార్కెట్లో దొరికే ఏదైనా కారు అద్దం కొనండి, లేదా చదును లామినేటెడ్ గాజు కోయించండి. దాని కొలతకు ఫ్రేము కట్టండి. పాత జీపు చదునైన అద్దం ఇందుకే ఇప్పటికీ ఏ గాజు దుకాణంలోనైనా కోసిస్తారు.

లామినేటెడ్ నియమం నుంచి మినహాయింపు ఉన్న ట్రాక్టర్ మిగిలింది. వేరుశనగ చేల మధ్య తన దుమ్మును తనే లేపుకుంటూ తిరిగే బండి అది. పాలికార్బొనేట్ ముందద్దం అన్నిటికంటే త్వరగా మసకబారేది దాని మీదే.