టర్బో వేడిని అదుపు చేసే విద్య

పెట్రోల్ ఇంజన్ నుంచి టర్బైన్‌లోకి చేరే ఎగ్జాస్ట్ వాయువుల వేడి, కారును గట్టిగా నడిపినప్పుడు 900 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రేస్ ట్రాక్ మీద టర్బైన్ హౌసింగ్ నిప్పులా కణకణలాడుతుంది. దానికి జానెడు దూరంలోనే రబ్బరు గొట్టాలు, వైర్లు, ప్లాస్టిక్ మూతలు ఉంటాయి. వాటిని కాపాడుతూనే ఇంజన్ శక్తి తగ్గకుండా చూడటంలో ఉంది పనితనమంతా.

ఈ వేడంతా వృథా కాదు. టర్బైన్‌ను తిప్పేది ఆ వాయువుల్లోని శక్తే. అందుకే చేయి తిరిగిన మెకానిక్ మొదట వేడిని గొట్టాల లోపలే నిలుపుతాడు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌కు సిరామిక్ పూత వేస్తాడు, టర్బైన్ హౌసింగ్‌కు సిలికా లేదా బసాల్ట్ నారతో కుట్టిన దుప్పటి కప్పుతాడు. గొట్టాలకు నార పట్టీ చుట్టడం చవకైన పద్ధతే కానీ, అది చెమ్మను పట్టి ఉంచుతుంది, మామూలు ఉక్కు గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. దుప్పటి కింద లోహం ఇంకా వేడెక్కుతుంది కాబట్టి నాసిరకం పోత హౌసింగ్ పగిలే ప్రమాదమూ ఉంది.

అయినా కొంత వేడి బయటపడుతుంది. అంత ఎర్రగా కాలిన లోహం నుంచి పక్క భాగాలకు వేడి చేరేది ఎక్కువగా వికిరణం ద్వారానే. కెల్విన్ కొలతలో ఉష్ణోగ్రత రెట్టింపైతే వికిరణం 16 రెట్లవుతుంది. హీట్ షీల్డ్‌గా పెట్టే పలుచని మెరిసే రేకు అంత పని చేయగలగడానికి కారణం వేడి ఇలా వికిరణంగా రావడమే. అయితే రేకు టర్బోకు ఆనకూడదు. రెండింటి మధ్య గాలి ఆడాలి, రేకు మీద జిడ్డు పేరుకోకూడదు. పరారుణ కిరణాలను తిప్పికొట్టడంలో బంగారం మేటి. 1992 నాటి మెక్లారెన్ ఎఫ్1కు టర్బో లేకపోయినా ఇంజన్ గది గోడలకు బంగారు రేకు వేశారు.

ఇక గాలి సంగతి. రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలికి బయటికి దారి కావాలి. కారు వేగంగా వెళ్తున్నప్పుడు బానెట్ ముందు భాగం మీద పీడనం తక్కువగా, ముందు అద్దం మొదట్లో ఎక్కువగా ఉంటుంది. అందం కోసం అద్దం దగ్గర కోసిన రంధ్రాలు వేడిగాలిని బయటికి పంపకపోగా బయటి గాలిని లోపలికి తెస్తాయి.

టర్బైన్ తిప్పే కంప్రెసర్ వైపూ వేడి పుడుతుంది. 30 డిగ్రీల గాలిని ఒక బార్ బూస్ట్‌కు కుదిస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకున్నా, ఆ గాలి దాదాపు 125 డిగ్రీలకు చేరుతుంది. వేడిగాలి పలుచన. పైగా ఇంజన్‌లో నాకింగ్ మొదలవుతుంది, దాన్ని ఆపడానికి కంప్యూటర్ ఇగ్నిషన్‌ను ఆలస్యం చేస్తుంది, శక్తి పడిపోతుంది. 1975లో అమ్మకానికి వచ్చిన పోర్షె 911 టర్బోకు, కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. 1978 నాటి 3.3 లీటర్ల ఇంజన్‌తో అది వెనక రెక్క కింద చేరింది. సుబారు ఇంప్రెజా టర్బో మోడళ్లలో ఇంటర్‌కూలర్ ఇంజన్ మీదే కూర్చునేది. గొట్టాలు పొట్టివి కావడం అందులో లాభం. ట్రాఫిక్‌లో ఆగితే మాత్రం కింది వేడికి అదే కాగిపోయేది. కొన్ని ఇంప్రెజా ఎస్‌టీఐ మోడళ్లలో దాని మీద నీళ్లు చిమ్మే ఏర్పాటు పెట్టారు.

అన్నిటికన్నా గడ్డు సమయం ఇంజన్ ఆపాక వస్తుంది. ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది. టర్బైన్ వేడి షాఫ్ట్ వెంట బేరింగ్‌ల దాకా పాకుతుంది. అక్కడ మిగిలిన ఆయిల్ మాడి నల్లటి పెచ్చులా గట్టిపడుతుంది. కూలెంట్ పారే బేరింగ్ హౌసింగ్ ఉంటే, పంపు ఆగినా కాగిన కూలెంట్ పైకి లేచి చల్లనిది ఆ చోటికి వస్తుంది. అలా జరగాలంటే పైకి వెళ్లే గొట్టంలో ఎక్కడా గాలి బుడగ నిలిచే వంపు ఉండకూడదు. టర్బో మార్చేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ గొట్టాన్నే. బూస్ట్ పెంచడానికి పెట్టే ఖర్చుకన్నా ముందు దీనికి, హీట్ షీల్డ్‌కు పెట్టాలి. ట్రాక్ మీద చివరి ల్యాప్ నెమ్మదిగా పూర్తి చేసి, మరికొన్ని నిమిషాలు ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి ఆపాలి.