కుప్పం, పులివెందుల: అసెంబ్లీ ఓటు వేరు, ఊరి ఓటు వేరు

కుప్పం టీడీపీ కంచుకోట, పులివెందుల వైఎస్ కుటుంబం అడ్డా. ఈ రెండు మాటలూ విని విని మనకు అలవాటైపోయాయి. అసెంబ్లీ ఫలితాల వరకు చూస్తే అవి నిజమే. పార్టీ పుట్టాక 1983లో జరిగిన తొలి ఎన్నిక నుంచి కుప్పంలో టీడీపీ ఓడలేదు. 1989 నుంచి 2024 దాకా చంద్రబాబు ఎనిమిదిసార్లు గెలిచారు. పులివెందుల సీటు 1978 నుంచి వైఎస్ కుటుంబం చేయి దాటలేదు. కానీ అవే ఊళ్లు వార్డుకో, మండలానికో ఓటు వేసినప్పుడు ఏం చేశాయో పక్కపక్కన పెట్టి చూస్తే కంచుకోట అన్న మాట అంత తేలిగ్గా నోటికి రాదు.

అసెంబ్లీ ఓటు అధికారానికి లొంగే ఓటు కాదని ముందు ఒప్పుకోవాలి. 1989, 2004, 2009, 2019లలో రాష్ట్రమంతా టీడీపీని ఓడించినా కుప్పం గెలిపించింది. 2011 ఉప ఎన్నికలో పులివెందుల ఇంకో అడుగు ముందుకేసింది. అప్పుడు రాజశేఖరరెడ్డి తమ్ముడు వైఎస్ వివేకానందరెడ్డి రాష్ట్ర మంత్రి, కాంగ్రెస్ అభ్యర్థి. ప్రభుత్వం ఆయన వెనకే ఉంది. అయినా జనం 80 వేలకు పైగా మెజారిటీతో రాజశేఖరరెడ్డి భార్య విజయమ్మను గెలిపించారు. ఇంటిపేరు ఒక్కటే అయినప్పుడు అధికారం ఎటుందో కాదు, రాజశేఖరరెడ్డి వారసత్వం ఎటుందో చూసుకుని ఓటు వేశారు.

ఈ రెండు విధేయతలూ ఒక్క తీరువి కావు. పులివెందులలో అది ఇంటి మనిషి మీద అభిమానం. రాజకీయాల్లోకి రాకముందే రాజశేఖరరెడ్డి అక్కడ ఆస్పత్రి పెట్టి వైద్యం చేశారు. కుప్పానికి చంద్రబాబు బయటి నుంచి వచ్చిన నాయకుడు. చంద్రగిరి దగ్గరి నారావారిపల్లె ఆయన సొంతూరు. 1989 నుంచి గెలుస్తూ వచ్చిన ఆయన ఆ నియోజకవర్గంలో సొంతిల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది 2025 మేలో. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు ఆనుకుని, పని కోసం బెంగళూరు వైపు చూసే ప్రాంతం అది. ముఖ్యమంత్రి కాగల మనిషి తమ ఎమ్మెల్యే అయితే మేలన్న లెక్కే అక్కడ అభిమానాన్ని నిలబెట్టిందని నా అభిప్రాయం.

ఇక ఊరి ఓటు. 2021 నవంబరులో కుప్పం మున్సిపాలిటీకి తొలి ఎన్నిక జరిగితే 25 వార్డుల్లో 19 అప్పుడు అధికారంలో ఉన్న వైసీపీకి, 6 టీడీపీకి వచ్చాయి. బయటి మనుషులను దించి దొంగ ఓట్లు వేయించారని టీడీపీ గగ్గోలు పెట్టింది. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక జరిగింది. అప్పటికి అధికారంలోకి వచ్చిన టీడీపీ ఆరు వేలకు పైగా మెజారిటీతో గెలిచింది, వైసీపీకి దక్కినవి 683 ఓట్లు. ఈసారి బయటి మనుషులు క్యూలో నిలబడి ఓట్లు వేశారని గొడవ చేసింది వైసీపీ. ఫిర్యాదు అదే, చేసిన పార్టీ మారిందంతే. ఒకచోట ప్రజాతీర్పు అన్నవారే రెండోచోట ప్రజాస్వామ్యం ఖూనీ అన్నారు. ఈ రెండు ఫలితాల్లో ఏ ఒక్కదాన్నీ జనం మనసు మారిందనడానికి సాక్ష్యంగా నేను తీసుకోను. అంతకు ఏడాది ముందే, 2024లో, వైసీపీ అధినేత జగన్‌కు 61,687 మెజారిటీ ఇచ్చిన నియోజకవర్గంలో, ఒక మండలంలోనైనా సరే, అభిమానం 683కు కరిగిపోయిందంటే నమ్మడం కష్టం. కుప్పమూ అంతే, 2024లో చంద్రబాబు మెజారిటీని 48 వేలు దాటించింది.

వార్డు ఎన్నికలో భయం పనిచేసే తీరు వేరు. వెయ్యి, రెండు వేల ఓట్లున్న చోట స్లిప్పులు పంచే కుర్రాడికి ప్రతి గడపా తెలుసు. ఏ ఇల్లు ఎటు వేసిందో సాయంత్రానికల్లా లెక్క తేలిపోతుంది. పింఛను, ఇంటి స్థలం, కాంట్రాక్టరుకు రావలసిన బిల్లు, పొలం గట్టు తగాదాలో ఎస్సై మాట, ఇవన్నీ ఆ రోజు అధికారంలో ఉన్నవారి చేతిలోనే ఉంటాయి. అలాంటప్పుడు పిల్లలున్న మనిషి తగ్గి ఉండడాన్ని పిరికితనం అనలేం.

అయినా రెండు ఊళ్లనూ ఒకే గాటన కట్టేయలేం. కుప్పంలో ఓడిన పార్టీ ఆ 6 వార్డులను పోరాడి తెచ్చుకుంది. పులివెందులలో 2021 మున్సిపల్ ఎన్నికలు అసలు పోటీ లేకుండానే ముగిశాయి, వార్డులన్నీ ఏకగ్రీవంగా వైసీపీకి వెళ్లాయి. 2025 గురించి వైసీపీ చెప్పేది నిజమే కావచ్చు. కానీ నాలుగేళ్ల ముందు అదే ఊళ్లో నామినేషన్ వేసి నిలబడగలిగిన ప్రత్యర్థి ఒక్కడైనా ఎందుకు లేడో కూడా ఆ పార్టీ చెప్పాలి. టీడీపీదీ అంతకు తక్కువ బాధ్యత కాదు. 2021లో కుప్పంలో తాను పెట్టిన ఫిర్యాదు న్యాయమైనదే అయితే, 2025లో పులివెందుల పోలింగ్ బూత్‌ల ముందు నిలబడినవాళ్లు ఎవరన్న ప్రశ్నకు సూటిగా జవాబివ్వాల్సింది ఆ పార్టీ ప్రభుత్వమే.